చెంప ఒప్పుకుంటేనే పరుపు

కుదురుగా కూర్చుని చేసే పనిలో కుదురు లేని మనిషి ఎలా నెగ్గుకొచ్చిందా అని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. గుంటూరులో ఒక పరుపుల షాపులో గలీబులు కుట్టడం నా ఉద్యోగం. ఉద్యోగమంటే ఆఫీసూ పింఛనూ అనుకునేరు, అదేం లేదు. ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, తలమీద తిరిగీ తిరగని ఫ్యాను. పెళ్లయిన కొత్తలో చేరాను, కళ్లు మొరాయించాక మానేశాను. మొన్న మా వీధిలో కుట్టు నేర్చుకుంటున్న ఆడపిల్లలు వచ్చి, "అన్నేళ్లు చేశారు కదా పిన్నీ, మర్చిపోలేని రోజేదైనా ఉందా?" అని అడిగారు. ఉంది. ఒక శుక్రవారం. తల్చుకుంటే ఇప్పటికీ నా కాళ్లు ఒకచోట నిలవవు.

ముందు మా మేస్త్రిగారి సంగతి చెప్పాలి. తరతరాలుగా దూది ఏకే కుటుంబం వాళ్లది. నమాజులు, రోజా ఉపవాసాలు అన్నీ ఉన్నా ఇంట్లో మాట్లాడేది మాత్రం మనలాగే తెలుగు. మిషన్లు వచ్చాక వీధులెంబడి తిరిగి దూది ఏకడం పోయింది కానీ, ఆయన పద్ధతులు పోలేదు. పరుపులో మొదటి పిడికెడు దూది పెట్టేటప్పుడు దేవుణ్ని తల్చుకుని బిస్మిల్లా అనాలి. ఒక ఇంటి దూది ఇంకో ఇంటి పరుపులోకి పోకూడదు. మిషను దగ్గర ఏకించిన దూదిని తెల్ల దుప్పట్లలోనే మూటగట్టి షాపుకి తేవాలి. ఆ దుప్పట్లు ప్రతి శుక్రవారం పొద్దున ఆయనే స్వయంగా ఉతుకుతారు, ఇంకొకళ్లని ముట్టుకోనివ్వరు. అన్నిటికన్నా ముఖ్యమైంది, పరుపు కుట్టడం పూర్తయ్యాక దానిమీద చెంప ఆనించి కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంటారు.

"చెంప ఒప్పుకోవాలమ్మాయ్. అప్పుడే అది పరుపు" అనేవారు.

ఎందుకండీ ఇవన్నీ అంటే, "పాక్‌గా ఉండాలి" అని ఒక్క మాట. శుభ్రంగా అంటే సరిపోదా అని నేను ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవారు. బజార్లో వాళ్లంతా ఆ దుప్పట్లు చూసి "ఎంత నిష్ఠండీ మీది" అంటుంటే తల వంచుకునేవారు గానీ, గడ్డం కింద చిన్న సంతోషం కనపడేది నాకు.

ఇక కుర్రాడు. ఒంగోలు వైపు పల్లె, రైతుల బిడ్డ, హిందువులు. ఇంటరు మధ్యలో వదిలేసి పనిలో చేరాడు. వాడి చేతిలో ఏదో ఉందమ్మా. అంచుకుట్టు వేశాడంటే స్కేలు పెట్టి గీత గీసినట్టు ఉండేది. కొద్దికాలానికే మేస్త్రిగారిని వేగంలో దాటేశాడు. ఆ సంగతి వాడికి తెలుసు. ఊరందరికీ తెలియాలని కూడా వాడి కోరిక. కుట్టిన ప్రతి పరుపుకీ ఫోనులో ఫోటో తీసేవాడు, ప్రతి ఫోటోలోనూ పరుపు సగం, వాడి మొహం సగం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఏదైనా తప్పు చూపిస్తే తప్పు గుడ్డదో, దారానిదో, నాదో అయ్యేది కానీ వాడిది మాత్రం కాదు.

తను కుట్టిన పరుపు మీద మేస్త్రిగారు చెంప పెట్టడం వాడికి పెద్ద అవమానం. "నా పని మీద నమ్మకం లేకే కదా పిన్నీ?" అని నా దగ్గర సణిగేవాడు. "దుప్పట్లంట, పాకంట. వాళ్ల మతం వాళ్లిష్టం. నాకెందుకు చెప్పు ఈ మడి?"

సాయిబుగారి పద్ధతిని మడి అన్నవాణ్ని వాణ్నొక్కణ్నే చూశాను. ఇలాంటి పొగరుబోతుని ఎందుకు భరిస్తున్నారని ఒకసారి మేస్త్రిగారిని అడిగేశాను. "చేతులు చూడమ్మాయ్" అన్నారాయన. "నోరు రేపైనా బాగుపడుద్ది. ఆ చేతులు మళ్లీ దొరకవు."

ఆ ఏడాది మిరప కోతలప్పుడు చిలకలూరిపేట రోడ్డులోని ఒక పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పత్తీ మిరపా వేసే కుటుంబం. ఆవిడ కూతురు పుట్టింటికి పురుటికి వచ్చి, కడుపుతో ఉండి కూడా వద్దంటే వినకుండా సరదాకి చేలోకి వెళ్లి ఒళ్లో వేసుకుని కాస్త పత్తి ఏరిందట. ఆ పత్తిని విడిగా గింజ తీయించి, పసిబిడ్డ పరుపుకని ఆవిడ మాకు తెచ్చి ఇచ్చింది. తీరా బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. గుంటూరు ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ఊపిరితిత్తులు ఇంకా బలపడలేదు, దుమ్ము సోకనివ్వకండి అని డాక్టర్లు మరీమరీ చెప్పారట. "మా చేలో పత్తి మీద పడుకుంటే నా మనవరాలు అదే తేరుకుంటది మేస్త్రీ" అంది ఆవిడ, మా ముందు ధైర్యంగానే. గుమ్మం దాటాక చెంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

శనివారం ఇంటికి పంపుతామన్నారు బిడ్డని. అందుకని శుక్రవారం పొద్దున మేస్త్రిగారు దుప్పట్లు ఉతికి ఆరేసి, "దూది ఏకించి మిషను దగ్గరే ఉంచరా. నమాజు నుంచి వచ్చాక దుప్పట్లు ఆరతయ్, తెచ్చుకుని కూరుదాం" అని కుర్రాడికి చెప్పి ఇంటికి వెళ్లారు. అక్కణ్నుంచి మసీదుకి. ఆయన వెళ్లిన కాసేపటికే పెద్దావిడ షాపు ల్యాండ్‌లైనుకి ఫోను చేసిందట. శనివారం కాదు, ఇవాళే పంపుతున్నారు, మధ్యాహ్నానికి తెస్తున్నాం, పరుపు ఎలా అని.

ఇంకొకడైతే మేస్త్రిగారి కోసం పరిగెత్తేవాడు. మావాడికి అది అదృష్టం తలుపు తట్టినట్టయింది. పరుపు మొత్తం తనొక్కడే చేసి, చెంప పరీక్ష లేకుండా చేరవేసే అవకాశం! దుప్పట్లు చూస్తే తడి ఓడుతున్నాయి. పక్కనే మిరప కమీషను కొట్టు. వాళ్ల ఖాళీ గోతాలు రెండు అడిగి తెచ్చుకున్నాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను ఇంటి దగ్గర పని చూసుకుని మిట్టమధ్యాహ్నం షాపులో అడుగుపెట్టాను. పెట్టగానే తుమ్ము. మిరప సీజన్లో గుంటూరులో తుమ్మనివాడెవడు, పట్టించుకోలేదు. స్టూలు జరుపుకుని కూర్చున్నాను. మళ్లీ తుమ్ము, మళ్లీ తుమ్ము. గొంతులో గరగర. వంగి చూస్తే స్టూలు కింద మడతపెట్టిన గోతాలు. చెయ్యి లోపల పెట్టి తీశాను. ఏకిన దూది పోగులు, వాటికి అతుక్కుని మిరపగింజలు, ఒక తొడిమ, ఎర్రటి పొడి. వేళ్లు చుర్రుమన్నాయి.

ముందురోజు నేను కుట్టి గోడకి చేరేసిన పసిపిల్ల పరుపు గలీబు లేదు. అంటే పరుపు కూరేసి పట్టుకుపోయాడన్నమాట. వెంటనే కుర్రాడికి ఫోను చేశాను.

"ఒరేయ్, దూది దేంట్లో తెచ్చావురా?"

"గోతాల్లో పిన్నీ. దుప్పట్లు తడిగా ఉన్నయ్. వాళ్లేమో తొందరన్నారు."

"మిరప గోతాలురా అవి!"

"తెలుసు. తిరగేసి మరీ దులిపా. పరుపు ఇచ్చేసి బయల్దేరా కూడా. పెద్దావిడ ఎంత మెచ్చుకుందో తెలుసా? ఏ చెంపా లేకుండానే!"

"వెనక్కెళ్లి తీసుకురారా నాయనా. పసిగుడ్డు, ఊపిరాడని బిడ్డ..."

"నీక్కూడా అంటుకుందా ఆ మడి?" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆ ఇల్లెక్కడో నాకు తెలియదు. నంబరు మేస్త్రిగారి ఫోనులో ఉంది, ఆ ఫోను ఆయన జేబులో ఉంది, మసీదుకెళ్తే ఆయన దాన్ని ఆపేస్తారు. షాపు తలుపు దగ్గరికి లాగి మసీదుకి నడిచాను. నడిచాననడం మర్యాదకి, పరిగెత్తాను.

మసీదు గేటు దగ్గర అత్తరు అమ్మే పెద్దాయన ఉన్నాడు. మా మేస్త్రిగారిని పిలవమన్నాను. "జుమ్మా నమాజు తల్లీ, ఇప్పుడెట్టా పిలుస్తాం? అయిపోనీ" అన్నాడు. లోపల మైకులో ఉపదేశం వినిపిస్తోంది. నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు, ఎప్పుడు ముగుస్తుందో తెలియడం లేదు. లోపలికి వెళ్లొచ్చో లేదో తెలియదు. పోనీ వెళ్లినా ఆయన్ని నమాజులో ఉండగా లేపడానికి నాకు నోరెలా వస్తుంది? కాలుగాలిన పిల్లిలా గేటుకీ, ఎదురుగా ఉన్న టీ బంకుకీ మధ్య తిరిగాను. ఆస్పత్రి నుంచి కారు బయల్దేరి ఉంటుందా, దారిలో ఉంటుందా అని లెక్కలు. ఎండకి రోడ్డు ఆవిరెత్తుతోంది. మిరప లారీ వెళ్లిన ప్రతిసారీ నాకు తుమ్ము, తుమ్మిన ప్రతిసారీ ఆ బిడ్డ కళ్లముందు కదిలేది. నా అవస్థ చూడలేక కాబోలు, అసలు నమాజు ముగియగానే అత్తరాయన లోపలికి వెళ్లి ఆయన చెవిలో వేశాడు.

మిగతా నమాజు, ఆ తర్వాత తస్బీహు జపం, దువా అన్నీ అయ్యాక అందరికన్నా చివర బయటికొచ్చే మనిషి, ఆ రోజు అందరికన్నా ముందు వచ్చారు.

"ఏందమ్మాయ్?"

చెప్పాను. ఆయన కుర్రాణ్ని తిట్టలేదు. "బిడ్డ ఇంటికి చేరిందా?" అని మాత్రం అడిగారు. పల్లెకి ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. షాపుకొచ్చి, ఆరిన దుప్పట్లు తాడు మీద నుంచి లాగి చంకన పెట్టుకుని ఆటో ఎక్కాం.

దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఎప్పుడూ చూసే ఎరుపే. ఆ రోజు చూడబుద్ధి కాలేదు. మేస్త్రిగారి పెదాలు కదులుతున్నాయి, వేళ్లు దుప్పటి అంచుని నలుపుతున్నాయి. "కొంచెం తొందరగా పోనీ బాబూ" అని ఆటో అబ్బాయితో ఎన్నిసార్లన్నారో. నేనైతే కూర్చున్నచోటే పరుగు తీస్తున్నాను.

సగం దారిలో ఎదురుగా, ఎక్కడో భోంచేసి ట్రాలీ ఆటోలో తీరిగ్గా తిరిగొస్తూ కుర్రాడు కనపడ్డాడు. ఆపించాం. దిగి వచ్చి, మేస్త్రిగారి చేతుల్లో దుప్పట్లు చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఎక్కరా" అన్నారు ఆయన.

"దులిపానని చెప్పాగా. పోనీ, అంత అనుమానమైతే రేపొచ్చి మన దగ్గరున్న కొత్త దూది పెట్టి మార్చేద్దాం. వాళ్లకేం తెలుసుద్ది?"

"ఎక్కరా."

"తప్పంతా నాదేనా?" అని వాడు నడిరోడ్డు మీద అరిచాడు. "ఆ దుప్పట్లు తడిగా లేకపోతే నేను గోతాలెందుకు తెస్తా? ఎప్పుడన్నా చెప్పారా మీరు, దుప్పట్లే ఎందుకో? పాక్ పాక్ అంటే నాకేం అర్థమవుద్ది? మీ దేవుడి సంగతనుకున్నా!"

మేస్త్రిగారు మొహం మీద చన్నీళ్లు కొట్టినట్టు ఆగిపోయారు. జరిగి చోటిచ్చారు. వాడు మెడ బిగించుకుని డ్రైవరు పక్కన కూలబడ్డాడు.

మేం వెళ్లేసరికి ఆ ఇంట్లో వాకిలి కడిగి ముగ్గేసి ఉంది. పెద్దావిడ ఒక్కతే ఉంది, ఎర్రనీళ్ల పళ్లెం సిద్ధం చేసుకుంటోంది. పెరట్లో ఉండి ఫోను వినలేదట. గదిలో మంచం మీద మా పరుపు, దానిమీద మెత్తటి పాత చీర పరిచి ఉంది. బిడ్డ ఇంకా రాలేదు.

మేస్త్రిగారు చేతులు కట్టుకుని, "అమ్మా, పరుపు వెనక్కి తీసుకుపోవాలి. దూది మిరప గోతాల్లో వచ్చింది. తప్పు జరిగింది" అన్నారు. నసుగుడు లేదు, నాన్చుడు లేదు.

ఆవిడ నమ్మలేదు. చెయ్యి వేసి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. "వాసన లేదు, రంగు లేదు. ఏం మేస్త్రీ, మిరపకాయల మధ్య బతికేవాళ్లం, మాకు తెలవదా?" అంది. పాపం, ఏడాది పొడుగునా మిరప ఘాటు పీల్చే ఇంటికి ఆ కాస్త ఘాటు ఏం తెలుస్తుంది? కుర్రాడి తల మళ్లీ పైకి లేచింది. "చూశారా! నే చెప్తూనే ఉన్నా" అన్నాడు.

మేస్త్రిగారు చీర తీసి పక్కన పెట్టారు. "చెంప పెట్టరా" అన్నారు.

"నేనా?"

"నువ్వు కుట్టిన పరుపు. నువ్వే పెట్టాల."

వాడు మా ఇద్దరి వైపూ ఒక నవ్వు విసిరి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెమట మొహాన్ని ఆ పరుపు మీద పెట్టాడు. పెట్టడమే కాదు, సవాలుగా అటూ ఇటూ రుద్దాడు కూడా. కాసేపు ఏమీ కాలేదు. పెద్దావిడ నా వైపు "చూశావా" అన్నట్టు చూసింది. అప్పుడు వాడికి ఒక తుమ్ము వచ్చింది. తర్వాత దగ్గు. లేచి కన్ను నలుపుకున్నాడు, అదే వాడు చేసిన పొరపాటు. చెంప కందిపోయి, కళ్లు నీళ్లు కారుతూ, ఊపిరి తిప్పుకోలేక గోడ పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి పోయాడు. అంత బలిసిన కుర్రాడికే అలా ఉంటే!

పెద్దావిడ నోరు విప్పింది. కుళాయి దగ్గర వంగి ఉన్నవాడి నెత్తిన పడ్డ తిట్లు నేనిక్కడ చెప్పలేను. "నా కూతురు అంత కడుపేసుకుని ఏరిన పత్తిరా! మళ్లీ వస్తదా?" అన్నప్పుడు మాత్రం ఆవిడ చెంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. వాడు తల ఎత్తలేదు. నీళ్లు కొట్టుకుంటూనే ఉన్నాడు.

ఇంతలో వాకిట్లో కారు హారను. మేస్త్రిగారు చకచకా పరుపు చుట్టి అవతల పెట్టి, తడిగుడ్డతో మంచం తుడిపించి, తెచ్చిన దుప్పట్లలో ఒకదాన్ని మడతమీద మడత పెట్టి పరిచారు. దానిమీద చెంప ఆనించారు. కళ్లు మూసుకున్నారు. లేచి, "పడుకోబెట్టండమ్మా" అన్నారు. గుప్పెడంత బిడ్డ. దిష్టి తీసి తెచ్చి ఆ తెల్లటి మడత మీద పెడితే, మూతి తిప్పి నిద్రపోయింది.

తిరుగు దారిలో ఊరు దగ్గరపడ్డాక మేస్త్రిగారే మొదలుపెట్టారు.

"మిరప సీజన్లో ఈ చుట్టుపక్కల ఏ గోతాన్నీ నమ్మకూడదు. అందుకని మా నాన్న దుప్పట్లు పెట్టాడు. అంతేరా సంగతి. ఇంకేం లేదు. నువ్వు చేరిన రోజే ఈ ముక్క నీకు చెప్పాల. చెప్పలా."

కుర్రాడు వాచిన కళ్లతో వెనక్కి తిరిగి చూశాడు.

"జనం నిష్ఠ నిష్ఠ అంటుంటే బాగుండేది నాకు. దేవుడి పేరు చెప్పి నా గొప్ప కాపాడుకున్నా. పొగరు నీ ఒక్కడిదే అనుకోమాక."

మర్నాడు కుర్రాడు పనికి రాలేదు. ఆ మర్నాడూ లేదు. ఫోను ఎత్తడు. మానేశాడనే అనుకున్నాం. మేస్త్రిగారు ఒక కుట్టు వేయడం, వీధిలోకి చూడటం. నేను ఆయన్ని చూడటం, తప్పు కుట్టి విప్పుకోవడం. ఆ ఘాటెక్కిన దూదిని ఆయన పదేపదే ఎండలో దులిపి, చివరికి చెంప పెట్టి, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేశారు. అప్పుడు పెద్దావిడ ఫోను చేసింది. "మీ పిల్లోడు మా చేలో ఉన్నాడు మేస్త్రీ. చెట్టు చెట్టూ తిరిగి ఆఖరి పత్తి ఏరతన్నాడు. అన్నం పెడితే తిన్నాడు గానీ, నోరు మాత్రం ఇప్పటంలా."

వాడు నోరు విప్పకపోవడం! నేను నమ్మలేదు.

వచ్చాడు మరి. పత్తికాయ మొనలు గీరుకుని వేళ్లనిండా గాట్లు. అక్కడే గింజ తీయించి, దారిలో మిషను దగ్గర ఏకించి, మూట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఆ మూట గుడ్డ చూసి నేను నోరు వెళ్లబెట్టాను. నీలం! బిడ్డ కింద పరిచి ఆ ఇంట్లోనే వదిలొచ్చిన దుప్పటే అది.

"ఇదేందిరా?" అన్నారు మేస్త్రిగారు.

"ఉతికా మేస్త్రిగారూ. తెల్లగా రావాలని నీలిమందు పెట్టా." ఆగి, నేలచూపులు చూస్తూ, "కాస్త ఎక్కువైంది, తప్పు నాదే" అన్నాడు. గుడ్డదీ కాదట, నీళ్లదీ కాదట!

దుప్పట్ల తెలుపు కోసం సబ్బులు మార్చే మనిషి ఆ నీలాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "పాక్‌గానే ఉంది, కూరు" అన్నారు. మొదటి పిడికెడు దూదికి ఆయన బిస్మిల్లా అన్నారు, మిగతాదంతా వాడు చేశాడు. కుట్టడం అయ్యాక ఇద్దరం మేస్త్రిగారి వైపు చూశాం. ఆయన కదల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, "నువ్వే పెట్టు" అన్నారు. ఈసారి వాడు ముందు మొహం కడుక్కుని వచ్చాడు.

ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. ఇప్పుడు షాపు కుర్రాడే నడుపుతున్నాడు, ఫోటోల పిచ్చి మాత్రం తగ్గలేదు. మేస్త్రిగారు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దుప్పట్ల వెనకాల మిరపకాయ సంగతి మొదట్నుంచీ చెప్తారు. ఒక్క మాటతో సరిపెట్టిన మనిషి ఇప్పుడు ఆపరు. దిండు కొనడానికి వచ్చినవాళ్లు బస్సు తప్పిపోయి తిట్టుకుంటూ వెళ్తారు.

నేను మానేసిన రోజు కుర్రాడు మా ఇంటికి ఒక పరుపు పంపాడు. నీలం దుప్పటిలో చుట్టి ఉంది, రంగు ఇంకా పూర్తిగా పోలేదు. మంచం మీద పరిచి చూస్తే తల వైపు చిన్న గుంట, చెంప ఆనించినంత మేర. అక్కడే నా చెంప కూడా పెట్టాను. మండలేదు.